ఎడమకు తిప్పితే హారన్

మాది 2008 మోడల్ మారుతీ 800. ఇప్పటి పిల్లల కంటికి అది ఆనదు గానీ, 1983 డిసెంబరులో రోడ్డెక్కి 2014 జనవరి దాకా తయారైన బండి. మూడు సిలిండర్లు, 796 సీసీ. నలుగురు సర్దుకుని కూర్చుంటే ఐదోవారు ఒళ్ళో. పెట్రోలు ట్యాంకు 28 లీటర్లే కాబట్టి ఫుల్ కొట్టించినా గుండె ఆగదు. గీత పడితే ఏడుపు రాదు. వెయ్యి సీసీ లోపు కారు కదా, థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు 2023లో 2,094 రూపాయలు, ఆపైన జీఎస్టీ. ఫుల్ ఇన్సూరెన్సు కట్టమని అడగడానికి ఏజెంటుకే మొహమాటం.

నష్టం ఒక్కటే. కొత్త కారు చెడితే షోరూముకి వెళ్తుంది. పాత కారు చెడితే వీధంతా మన దగ్గరికి వస్తుంది.

2023లో ఒక ఉదయం రాజమండ్రి దానవాయిపేటలో మా సందులోకి తిరుగుతుంటే హారన్ మోగింది. నేను నొక్కలేదు. మా ఆవిడ చేతుల్లో కూరగాయల సంచీ ఉంది. స్టీరింగు తిన్నగా చేస్తే ఆగింది, ఎడమకు తిప్పితే మళ్ళీ అందుకుంది. కుడికి ఎంత తిప్పినా కిక్కురుమనలేదు. పదిహేనేళ్ళు నోరు మూసుకుని తిరిగిన బండికి ఉన్నట్టుండి వామపక్ష భావాలు వచ్చాయి.

ఇంటి ముందు ఆపేసరికి కమిటీ తయారు. ఎదురింటి రిటైర్డ్ తహసీల్దారు గారు బానెట్ ఎత్తించి, చేతులు వెనక్కి కట్టుకుని, పొలం సర్వే చేసినట్టు ఇంజనంతా చూసి "బ్యాటరీ" అన్నారు. ఇస్త్రీ అతను హారన్లోకి నీళ్ళు పోయాయన్నాడు. వాన పడి నెల దాటింది. పాలబ్బాయి స్కూటీ దిగకుండానే "ఇచ్చేయండి మాస్టారూ, నలభై వేలకి మా బావ తీసుకుంటాడు" అన్నాడు. ఆ బావ కారు కోసం వెతుకుతున్నట్టు అంతకుముందు ఎన్నడూ వినలేదు.

మెకానిక్ కుర్రాడు సాయంత్రం వచ్చాడు. స్టీరింగు మధ్యలో మూత ఊడదీసి టార్చి వేసి చూపించాడు. "హారన్‌కి కరెంటు ఎప్పుడూ రెడీగానే ఉంటదండి. బటన్ నొక్కితే ఎర్త్ కలుస్తుంది, మోగుతుంది. ఇక్కడ మీ వైరు తోలూడిపోయింది. ఎడమకి తిప్పినప్పుడల్లా ఇనుముకి తగిలి ఎర్త్ కలిసిపోతోందండి."

"మరి బటన్ నొక్కితే?"

నొక్కాడు. నిశ్శబ్దం. "దీని కాంటాక్టు కూడా అరిగిపోయిందండి. పార్టు బెజవాడ ఆటోనగర్ నుంచి తెప్పించాలి. ఆయ్."

పార్టు నూట యాభై, కూలి నాలుగొందలు. పాత కారు సామాను చవకే, అది మన దాకా రావడమే పెద్ద ప్రయాణం. అందాకా ముందు జాలీ వెనకున్న హారన్ వైరు పీకేసి పంపాడు. మెయిన్ రోడ్డు మీద హారన్ లేకుండా వెళ్ళడమంటే ఏమిటో దేవీచౌక్ చేరేలోపే తెలిసొచ్చింది. ఆటోలు, ఆవులు, స్కూలు వదిలిన పిల్లలు, ఎవరికీ మేమక్కడ ఉన్నట్టే అనిపించలేదు. బతిమాలి వైరు మళ్ళీ పెట్టించాను. ఎడమకైనా మోగుతుంది కదా!

ఇందులో చిక్కేమిటంటే, ముందు వెళ్ళే స్కూటరు ఎడమ పక్కనే ఉంటుంది. అతణ్ణి తప్పుకోమని చెప్పాలంటే అతని మీదికే తిప్పాలి. హెచ్చరిక, హత్యాయత్నం ఒకేసారి. కోటిపల్లి బస్టాండు దగ్గర ఒకాయన బండి ఆపి మరీ నాతో మాట్లాడాడు. అవి ఇక్కడ రాయదగ్గ మాటలు కావు. ప్రభుత్వాసుపత్రి గేటు కూడా ఎడమ వైపే. 'నిశ్శబ్దం పాటించండి' బోర్డు కింద నుంచి మేం పెళ్ళివారిలా వెళ్ళాం.

మా ఆవిడకు మాత్రం ఇది తెగ నచ్చింది. నేను సందు తిరగగానే ఇంట్లో టీ గిన్నె పొయ్యి మీదికి ఎక్కేది. తహసీల్దారు గారు కూడా చప్పుడు వినగానే గేటు దగ్గరికొచ్చి "బ్యాటరీ మార్చారా?" అని అడిగి లోపలికి వెళ్ళిపోయేవారు.

పార్టు కొవ్వూరు వంతెన ఇవతలికి రాలేదు గానీ ఆర్సీ గడువు వచ్చేసింది. పదిహేనేళ్ళు నిండాయి, ఇంకో ఐదేళ్ళకు రెన్యువల్ చేయించాలి. అంతకు ముందు ఆరొందలుండే ఫీజు 2022 ఏప్రిల్ నుంచి అయిదు వేలు. అంత కట్టాక హారన్ దగ్గర ఫెయిలైతే తహసీల్దారు గారికి ఏం మొహం చూపించను?

బ్రేక్ ఇన్‌స్పెక్టరు గారు బండి ముందు నిలబడ్డారు. లైట్లు చూశారు, ఇండికేటర్లు చూశారు, వైపర్లు తిప్పించారు. అవి కీచుమంటూనైనా తిరిగాయి. "హారన్" అన్నారు. నేను బటన్ మీద అరచెయ్యి పెట్టి, రెండో చేత్తో స్టీరింగు నెమ్మదిగా ఎడమకు లాగాను. బ్రహ్మాండంగా మోగింది. ఆయన తల ఊపి, కాగితం మీద టిక్కు పెట్టి, "సరే, అలా లెఫ్టుకి తిప్పుకుని బయటికి తీసుకెళ్ళండి" అన్నారు.

తిప్పాను. అక్కడి లెఫ్టు చాలా పొడుగు. సగం దూరం వెళ్ళేసరికి ఆయన చెవులు మూసుకుని వెనకాలే కేకేస్తున్నారు:

"చాలండీ బాబూ, ఓకే చేసేశానుగా!"