చిప్ కొంటే సిస్టమ్ మొత్తం కొనాల్సిందేనా?

"ప్రాసెసర్ మార్చేద్దాం మామయ్యా, మరీ స్లో అయిపోయింది" అని మా మేనల్లుడు పట్టుబడితే పోయిన నెల ఇద్దరం మారతహళ్ళి నుంచి బెంగళూరు కంప్యూటర్ సామాన్ల బజారైన ఎస్పీ రోడ్డుకి వెళ్ళాం. అతని కంప్యూటర్‌లో ఉన్నది 2017లో కొన్న ఇంటెల్ ఏడో తరం ఐ5 ప్రాసెసర్. షాపతను రాసిచ్చిన చీటీలో ప్రాసెసర్ ఇరవై వేలు. కింద మదర్‌బోర్డు (భాగాలన్నీ బిగించే పెద్ద బోర్డు), దాని కింద కొత్త రకం డీడీఆర్5 ర్యామ్, కూలర్. మొత్తం యాభై వేలు దాటింది. పాత బోర్డూ, పాత ర్యామూ కొత్త ప్రాసెసర్‌కి పనికిరావు.

నేను కొననివ్వలేదు. ఇంటికొచ్చి, పక్కన ఏ భాగం ఎంత పనిచేస్తోందో చూపించే టాస్క్ మేనేజర్ తెరిచిపెట్టి రోజూ చేసే పనే చేసుకోమన్నాను. బ్రౌజర్‌లో ఇరవై ట్యాబులు, ఒక మీటింగు. ప్రాసెసర్ 40 శాతం దాటలేదు. డిస్క్ మాత్రం 100 దగ్గర కదలకుండా కూర్చుంది. దొంగ దొరికాడు: పాత హార్డ్‌డిస్క్. దాని బదులు వేగంగా పనిచేసే ఎస్ఎస్‌డీ వేసి, ఇంకో 8 జీబీ ర్యామ్ చేర్చి, ప్రాసెసర్ వేడిని కూలర్‌కి చేరవేసే థర్మల్ పేస్ట్ పెచ్చులుగా ఎండిపోతే తుడిచి కొత్తది పూశాం. రెండు నిమిషాలు పట్టే బూటింగ్ ఇరవై సెకన్లకొచ్చింది.

రోజంతా వీడియోలు రెండర్ చేసేవాళ్ళకీ, పెద్ద కోడ్ కంపైల్ చేసేవాళ్ళకీ లెక్క వేరు. గంట పని పావుగంటలో తెమిలితే పెట్టిన డబ్బు తిరిగొస్తుంది. వాళ్ళు కొనుక్కోవాల్సిందే.

మిగతావాళ్ళ చేత ఇంత ఖర్చు పెట్టిస్తున్నది సాకెట్, అంటే బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే గూడు. మా వాడి బోర్డు మీద ఉన్నది ఎల్జీఏ 1151 రకం సాకెట్. వాడు కొన్న 2017లోనే, అక్టోబర్‌లో ఇంటెల్ ఎనిమిదో తరం డెస్క్‌టాప్ చిప్‌లు తెచ్చింది. వాటిదీ అదే 1151 పిన్నుల సాకెట్, కానీ కొత్త బోర్డే కావాలంది. కరెంటు సరఫరా అవసరాలు మారాయన్నది కంపెనీ మాట. బయాస్ (బోర్డులో ఉండే మూల సాఫ్ట్‌వేర్) మార్చి, పాత బోర్డుల మీదే వాటిని నడిపి చూపించినవాళ్ళు ఉన్నారు! ఇంటెల్ పోటీదారు ఏఎండీ కూడా 2020లో తన కొత్త రైజెన్ ప్రాసెసర్లు అప్పటికే ఉన్న 400 సిరీస్ బోర్డుల్లో పనిచేయవంది. వాడకందార్లు గట్టిగా గొడవ చేస్తే రెండు వారాల్లోపే వెనక్కి తగ్గింది. 2022కల్లా 2017 నాటి బోర్డులకు కూడా సపోర్ట్ ఇచ్చింది. అంటే అడ్డం పడింది సాంకేతికత ఒక్కటే కాదు.

విండోస్‌దీ ఇదే వరస. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. విండోస్ 11 నడవడానికి మైక్రోసాఫ్ట్ ఒప్పుకున్న ప్రాసెసర్ల జాబితాలో ఇంటెల్ ఏడో తరం చిప్‌లు ఒకటీ అరా తప్ప లేవు. శుభ్రంగా పనిచేస్తున్న మిషన్‌ని జాబితా పేరుతో పాతసామాన్లలో పడేయమంటే ఎలా? మా వాడి పనంతా బ్రౌజర్‌లోనే కాబట్టి విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ వేసేశాం.

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో రైట్ టు రిపేర్ పోర్టల్ తెచ్చింది. రిపేరు హక్కుతో పాటు అప్‌గ్రేడ్ హక్కూ కావాలి. మందుల స్ట్రిప్ మీద ఎక్స్‌పైరీ తేదీ వేసినట్టు, ఏ సంవత్సరం దాకా వచ్చే ప్రాసెసర్లు ఇందులో పడతాయో మదర్‌బోర్డు పెట్టె మీద అచ్చు వేయించాలి. ఆ ఒక్క లైను ఉండుంటే మా వాడు 2017లో ఆ బోర్డు కొనేవాడే కాదు.