గ్రూపులోనే గ్రామసభ

ఊళ్లో ఓటున్న ప్రతివాళ్లూ గ్రామసభ సభ్యులేనని, అందరూ ఒకచోట కూర్చుని ఊరి మంచిచెడ్డలు తేల్చుకోవచ్చని 73వ రాజ్యాంగ సవరణ తెచ్చిన పెద్దలు 1992లో అనుకున్నారు. 243ఎ అధికరణం చదివితే వాళ్ల అమాయకత్వానికి జాలేస్తుంది. పాపం, అప్పటికి వాట్సాప్ లేదు.

గ్రామసభకున్న ప్రధాన లోపం, మనిషి రావాలి. వచ్చి, టెంటు కింద ప్లాస్టిక్ కుర్చీలో ఉక్కపోతకి ఓర్చుకుని కూర్చోవాలి. మాట్లాడాలంటే లేచి నిలబడాలి. నిలబడితే, ఎవరి గురించి మాట్లాడాలో ఆయన ముందు వరసలోనే ఉంటాడు. పంట బోదె కాలవ గట్టు కలిపేసుకుని కొబ్బరి మొక్కలు పాతిన పెద్దమనిషిని పట్టుకుని "అది తమరే కదండీ" అని ముఖాన అడగడం మా కోనసీమ జిల్లాలో కుదిరే పనేనా? ఎల్లుండి ఆయనింట్లో పెళ్లి భోజనం కూడానూ.

ఊరి వాట్సాప్ గ్రూపులో ఈ బాధ లేదు. "ఊళ్లో కొందరు పెద్దలు" అని రాస్తే సరి. ఎవర్నన్నారో ఊరందరికీ తెలుస్తుంది, ఆ ఒక్కాయనకి తప్ప. ఆయన కూడా దాని కింద దణ్ణం బొమ్మ పెట్టి, "బాగా చెప్పారు" అంటాడు.

2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు పెట్టారు. ఉపాధి హామీ కింద ఏ పనులు కావాలో ఊరే చెప్పాలన్నారు. మా ఊళ్లోనూ జరిగింది. వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఉపాధి పనికెళ్లే ఆడవాళ్లు. వాళ్లకి పని కావాలి, అందుకని వచ్చారు. అభిప్రాయాలున్నవాళ్లు మాత్రం రాలేదు. సెక్రటరీ గారు ఫొటో తీసి గ్రూపులో పెట్టీ పెట్టగానే బొటనవేళ్లు లేచాయి. "ఇంత తక్కువమంది వత్తే ఊరెలా బాగుపడుద్దండీ" అని ఒకాయన ఆవేదన వెళ్లగక్కారు. ఆయన ఇల్లు సభ జరుగుతున్న అరుగుకి ఎదురుగానే. అరుగు మీద నుంచి చూస్తే వీధి గదిలో ఆయన టైపు చేయడం కూడా కనిపిస్తోంది.

వాట్సాప్ గ్రూపులో 1,024 మందికి చోటుంది. పంచాయతీ వారి కుర్చీలు యాభైకి మించవు. ప్రజాస్వామ్యం ఎక్కడ విశాలంగా ఉందో వేరే చెప్పాలా? తెల్లారుజామునే దేవుళ్లతో మొదలై, శుభోదయాల మీదుగా అంతర్జాతీయ వ్యవహారాల దాకా అన్నీ నడుస్తాయి. మధ్యలో ఎవరో అంబాజీపేట మార్కెట్లో కొబ్బరి రేటు పెడతారు. రోజు మొత్తమ్మీద పనికొచ్చే కబురు అదొక్కటే, దాని కింద మాత్రం ఎవరూ కిక్కురుమనరు.

ప్రజాభిప్రాయం ఎలా తయారవుతుందో చూడాలంటే శంకరగుప్తం డ్రెయిను సంగతి చూడాలి. రాజోలు వైపు ఈ మురుగు కాలవ మీదుగా సముద్రపు పోటు నీళ్లు ఎదురెక్కి కొబ్బరి తోటల్లో చేరాయి. ఉప్పునీళ్లలో వేళ్లు నానితే చెట్టు ఒక్కరోజులో చావదు. ముందు కాయ సన్నగిల్లుతుంది, మట్టలు వాలతాయి, మొవ్వు ఎండుతుంది, ఆఖరికి తల ఊడిపోయి మోడు మిగులుతుంది. దూరాన్నుంచి చూస్తే తోటకి బదులు ఎవరో కరెంటు స్తంభాలు పాతారేమో అనిపిస్తుంది. 2025 నవంబరులో ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ వచ్చి ఆ మోళ్లను చూశారు. మాటల్లో మాటగా కోనసీమ పచ్చదనానికి దిష్టి తగిలిందన్న ప్రస్తావన, అందులోకి తెలంగాణ నాయకుల ప్రస్తావన వచ్చాయి.

అంతే, డ్రెయిను గతి తేలిపోయింది. రెండు రాష్ట్రాల ఫోన్లూ వేడెక్కాయి. దిష్టి ఉందా లేదా, ఉంటే ఎవరి కన్ను, క్షమాపణ ఎవరు చెప్పాలి, చెప్పకపోతే సినిమాలు ఆడనిస్తారా లేదా అంటూ నిలువు వీడియోలు, అడ్డం వీడియోలు, ఒక మనిషి పైన మాట్లాడుతుంటే కింద ఇంకో మనిషి తలాడించే వీడియోలు వచ్చాయి. మా గ్రూపులో చీలిక వచ్చి ఇద్దరు వెళ్లిపోయారు, రాత్రికి మళ్లీ చేరారు. ఆ డ్రెయిను పొడుగెంత, పూడిక ఎవరు తీయాలి, పోటు నీళ్లు లోపలికి రాకుండా ఏం కట్టాలి అని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. ఈ చర్చ పుణ్యమా అని దిష్టి తీసే కొబ్బరికాయలకైనా గిరాకీ వస్తుందేమోనని ఆశపడ్డ రైతు ఒకాయన ఉన్నాడు. మొత్తం వ్యవహారాన్ని వ్యవసాయ సమస్యగా చూసినవాడు ఆయనొక్కడే.

వరదల సంగతికొస్తే ఫోను చేసిన మేలు ఇంతింత కాదు. ధవళేశ్వరం బ్యారేజీకి 175 గేట్లున్నాయి. పెద్ద వరదొస్తే అన్నీ ఎత్తుతారు. ఎత్తకపోతేనే కంగారు పడాలి. బ్యారేజీ దగ్గర మట్టం 11.75 అడుగులుంటే మొదటి హెచ్చరిక, 13.75 అయితే రెండోది, 17.75 దగ్గర మూడోది. ఎగువన భద్రాచలంలో గోదారి 43 అడుగులని వినపడగానే ఏటి మధ్య లంకల్లో పశువుల్ని గట్టు మీదికి తోలే ఏర్పాట్లు మొదలవుతాయి. ఇన్ని అంకెలు గుర్తుపెట్టుకునే శ్రమ ఇప్పుడు తప్పింది. వీడియో మీద ఎర్ర బాణం, నోరు తెరిచిన యాంకరు, కింద "175 గేట్లు ఎత్తేశారు.. కోనసీమ ఖాళీ?" అన్న ప్రశ్నార్థకం ఉంటే చాలు. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదారి 71 అడుగులు దాటినప్పుడు తీసిన వీడియోలు ఏటా జులైలో తాజాగా పుడుతుంటాయి. అదే పడవ, అదే గేదె. ఆ గేదెకి నిజంగా నాలుగేళ్లుగా తడారినట్టు లేదు. ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చోట్లకి మించి పంపకుండా వాట్సాప్ 2018లో మన దేశంలో కట్టడి పెట్టింది. మావాళ్లు కష్టజీవులు, ఐదేసి చొప్పున మండలమంతా పంచేస్తారు.

ఫోను పట్టుకున్న మనిషి ఇల్లు కదలడని కొందరి విమర్శ. అబద్ధం. 2022 మే 24న అమలాపురంలో కదిలారు. జిల్లా పేరు ముందు డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరు చేర్చడం మీద రేగిన గొడవలో మంత్రి ఇంటికి, ఎమ్మెల్యే ఇంటికి నిప్పు పెట్టారు. జనాన్ని కూడగట్టింది వాట్సాప్ గ్రూపుల్లోనని పోలీసులు చెప్పారు. మంచినీళ్ల చెరువు కోసం ఒక్క అర్జీ రాయని వేళ్లు ఆ పని మాత్రం చేయగలిగాయి. తర్వాత సర్కారు జిల్లా అంతటికీ నెట్ ఆపేసింది, ఇంటి నుంచి ఉద్యోగాలు చేసుకునే పిల్లలు సిగ్నల్ వెతుక్కుంటూ పొలిమేరలు దాటారు. ఈ పేరా దగ్గర నాకు వెటకారం రావడం లేదు, కిందికి పోదాం.

అంతకు ముందు, 2011లో, కోనసీమ రైతులు సార్వా (ఖరీఫ్) పంటకి విరామం ప్రకటించారు. ధాన్యానికి ధర లేదు, కూలి ఖర్చు గిట్టడం లేదు, డ్రెయిన్లు పూడిపోయి చేలు మునుగుతున్నాయి (డ్రెయిన్లే, అప్పుడు కూడా). ఊరూరా కూర్చుని, వాదులాడుకుని, వేల ఎకరాల్లో నాట్లు మానేశారు. ఎందుకు మానేశారో తేల్చడానికి సర్కారు మోహన్ కందా కమిటీ వేయాల్సొచ్చింది. గట్టు మీద నిలబడితే పక్క చేను దున్నారో లేదో కనపడుతుంది గనక మాట తప్పడం కష్టమైన రోజులవి. ఇప్పుడా ఇబ్బంది లేదు. అందరం డీపీలు నల్లగా మార్చుకుని, ఎవరి సార్వా వాళ్లం ఊడ్చుకోవచ్చు.

సర్కారు కూడా దారికొచ్చింది. 2025 జనవరి 30న "మన మిత్ర" పేరుతో 161 సేవలు వాట్సాప్‌లో పెట్టింది. ప్రభుత్వమే ఫోనులోకి వచ్చి కూర్చున్నాక ప్రజలు అరుగు మీదికి వెళ్లడం మర్యాద కాదు. కాబట్టి గ్రామసభని రద్దు చేసి గ్రూపుకే ఆ అధికారాలన్నీ కట్టబెట్టాలని నా ప్రతిపాదన. నీలం టిక్కులు పడితే కోరం ఉన్నట్టు లెక్క. బొటనవేలు అంటే అవును, దణ్ణం అంటే అవుననీ కాదు, కాదనీ కాదు, నవ్వే బొమ్మ అంటే ప్రతిపక్షం. వినకుండా పంపేసిన వాయిస్ మెసేజీని సభ్యుడి ప్రసంగంగా నమోదు చేయాలి. అధ్యక్ష స్థానం అడ్మిన్ గారిది. ఆయన్ని ఎవరూ ఎన్నుకోలేదు గనక ఎన్నికల ఖర్చు కలిసొస్తుంది, దించే వీలు లేదు గనక స్థిరత్వం కూడా ఉంటుంది.

అడ్మిన్ గారికి ప్రతిపాదన చాలా నచ్చింది. ప్రయోగాత్మకంగా మా ఊరి కాలవలో గుర్రపుడెక్క తీయించాలని తీర్మానం పెడితే గంటలో నెగ్గింది, నిలువునా బొటనవేళ్లే. దిగి తీసేది ఎవరని చూస్తే, ఎప్పటిలాగే ఉపాధి పనికెళ్లే ఆడవాళ్లు. వాళ్లలో ఒక్కరూ గ్రూపులో లేరు. వాళ్ల నంబర్లు కూడా చేర్చమని అడిగాను.

"ఆయ్, చేర్చడానికేవుందండీ," అన్నారాయన. "కానీ వచ్చీ రాగానే కూలి డబ్బులెప్పుడు పడతాయని అడుగుతారండి. గ్రూపు వాతావరణం పాడైపోద్దండి."