గిటారుతో వంశవృక్షం ఎక్కుట

వేల్స్‌లో పుట్టి, ఒకటో రెండో ఆల్బములు చేసి, తర్వాతిదానికి పాటలు తట్టక గడ్డం పెంచుకుంటున్న ప్రతి సంగీతకారుడికీ ఒక శుభముహూర్తాన అర్జెంటీనా దక్షిణాన ఉన్న పటగోనియాకు వలసపోయిన ముత్తాత తమ్ముడు గుర్తొస్తాడు. ఇంకేం, ఒక కెమెరామన్, ఒక డ్రోన్, ఒక గిటారు, అర్జెంటీనాకి టికెట్. ఈ డాక్యుమెంటరీలు మీరూ చూసే ఉంటారు. ఒకటి చూస్తే చాలు, మిగతావన్నీ చూసినట్టే.

చరిత్రను వాళ్లు రెండు ముక్కల్లో తేల్చేస్తారు కాబట్టి నేనూ తేల్చేస్తాను. బడిలో సొంత భాష వెల్ష్ మాట్లాడిన పిల్లల మెడలో శిక్షగా చెక్కముక్క వేలాడదీసే రోజులవి. ఇంగ్లిషు పీడ లేని చోటు కావాలని 1865లో 150 మందికి పైగా మిమోసా అనే ఓడలో లివర్‌పూల్ నుంచి బయల్దేరి, జులై 28న ఇప్పటి ప్యూర్టో మాడ్రిన్ దగ్గర దిగారు. పచ్చటి సీమ అని చెప్పి పంపితే, దిగింది నడి చలికాలంలో, తాగడానికి నీళ్లు కూడా దొరకని ముళ్లపొదల్లో. ఈ పథకానికి సూత్రధారి మైకేల్ జోన్స్ పాస్టరు గారు మాత్రం వేల్స్‌లోనే కాపురం ఉన్నారు. తెలివైనవారు.

ఇక అసలు ఘట్టం గైమన్ ఊళ్లోని వెల్ష్ టీ హోటల్. ఇది లేకుండా సినిమా ముగియకూడదని ఏదో చట్టం ఉన్నట్టుంది. ఊలు తొడుగు వేసిన టీ కెటిల్ వస్తుంది, దాని వెనకే నల్ల కేకు, జాము, వెన్న రాసిన రొట్టె, ఇంకో రకం కేకు. మనవాడు ఒక ముక్క కొరికి కళ్లు మూసుకుంటాడు, అచ్చం మా నాయనమ్మ చేసినట్టే ఉందంటాడు. నాయనమ్మ జన్మలో కేకు చేసిందో లేదో ఎవరు చూడొచ్చారు? పక్క టేబులు పెద్దావిడ వెల్ష్‌లో పలకరించగానే కన్నీళ్లు. ఆవిడ ఇంటిపేరు జోన్స్ అనగానే వెక్కిళ్లు, ఎందుకంటే ఈయనా జోన్సే! ఆ వలసవాళ్లు స్థిరపడ్డ చుబుట్ లోయలో జోన్స్ దొరికాడని ఆశ్చర్యపోవడం అంటే విజయవాడ బస్టాండులో నిలబడి "రావుగారూ" అని పిలిస్తే ఎవరో వెనక్కి తిరిగారని రక్తసంబంధం కలుపుకోవడమే. ఆవిడ మర్యాదస్తురాలు, అవును బాబూ, చుట్టాలమే అయ్యుంటాం అంటుంది. గిటారు బయటికొస్తుంది. ఆవిడ టీ చల్లారిపోతుంది. పాట అవదు.

తర్వాత ట్రెవెలిన్‌కి ప్రయాణం, అక్కడ గుర్రం సమాధి. 1884లో ఆ వలసవాళ్లలో ఒకడైన జాన్ డేనియల్ ఈవాన్స్‌తో వెళ్లిన ముగ్గురినీ స్థానిక యోధులు చంపేస్తే, ఆయన గుర్రం మలకారా గట్టు మీంచి దూకి ఆయన ప్రాణం కాపాడింది. దాని సమాధి దగ్గర ఇంకో పాట.

అప్పుడు డ్రోన్ లేస్తుంది. కనుచూపు మేరా ఖాళీ నేల. ఎవరూ లేని ఈ ఎడారిని మావాళ్లు సాగులోకి తెచ్చారని వెనక నుంచి గొంతు.

ఎవరూ లేరా? అక్కడ టెహుఎల్చె జనం ఉన్నారు. కొత్తగా దిగి ఆకలితో మాడుతున్న వీళ్లకి వేట నేర్పింది వాళ్లే, మాంసం తెచ్చి రొట్టె పట్టుకెళ్లింది వాళ్లే. బ్యూనస్ ఎయిరిస్ సర్కారు తన చేతిలో లేని నేలను వీళ్లకి రాసిచ్చింది. ఎందుకనుకున్నారు? వెల్ష్ భాష మీద ప్రేమతోనా? చిలీ కన్నా ముందు తన మనుషులు అక్కడ కనిపించాలని. ఆ తర్వాత "ఎడారి విజయం" అని పేరు పెట్టి సైన్యాన్ని దింపి, ఆ జనాన్ని చంపింది, తరిమింది, పట్టి తీసుకెళ్లి కంచెల్లో కుక్కింది. వాల్చెటా దగ్గర అలాంటి శిబిరం చూశానని చెప్పింది ఎవరో కాదు, ఆ గుర్రం దూకిన ఈవాన్సే. ముళ్లకంచె వెనక నుంచి రొట్టె అడిగిన ఖైదీ ఆయన చిన్ననాటి స్నేహితుడు. ఎంతయినా ఇచ్చి విడిపించుకుందామని డబ్బుతో మళ్లీ వెళ్లేసరికి అతను చనిపోయాడు. ఇది ఈవాన్స్ దాచిన విషయం కాదు, స్వయంగా చెప్పుకున్న విషయం. గుర్రం సమాధి దాకా వెళ్లి పాడినవాడికి, అదే మనిషి చెప్పిన ఈ రెండో కథ ఎందుకు వినపడలేదు? పూర్వీకుల కోసమేగా అంత దూరం వచ్చావు, నాయనా! పూర్వీకుడు చెబుతున్నాడు, విను!

వాల్చెటాలో టీ హోటల్ సీను కుదరదని భయమేమో. ఆ ఊరు రైలు దారిలోనే ఉంది, వెళ్లడం పెద్ద కష్టమేం కాదు. గిటారు మాత్రం ట్రెలెవ్ హోటల్ గదిలో వదిలేసి వెళ్లమని మనవి.