క్యూ దూకే దుర్గతి మనకెందుకు?

దొరల భాషలో ‘జంప్ ది క్యూ’ అని ఒక జాతీయం ఉంది. వరసలో ముందున్నవాళ్ళను కాదని మధ్యలో దూరిపోవడం. బ్రిటన్‌లో ఇంతకు మించిన అనాగరికం లేదంటారు. రెండో ప్రపంచ యుద్ధంలో పెట్టిన రేషన్ మాంసానికి 1954 దాకా సాగింది మరి. కొట్ల ముందు అన్నేళ్ళు నిలబడ్డ జనానికి ఆ మాత్రం పట్టింపు ఉండదా!

తిరుపతిలో ఈ జాతీయానికి పనిలేదు. ఇక్కడ మర్యాదస్తుడెవడూ క్యూ దూకడు. దూకాలంటే పంచె ఎగ్గట్టాలి, ఇనప కమ్మీలు ఎక్కాలి, వెనకున్న ముసలమ్మ చేత తిట్లు తినాలి. ఆయనకంటూ వేరే క్యూ ఉండగా ఈ అవస్థ ఎందుకు? విష్ణునివాసం సత్రంలో ఉచిత దర్శనం టోకెన్ కోసం పడిగాపులు పడేవాళ్ళది ఒక వరస. ఆన్‌లైన్‌లో 300 రూపాయల టికెట్ దక్కించుకున్న అదృష్టవంతులది ఒకటి. శ్రీవాణి ట్రస్టుకు 10,000 ఇచ్చి, పైన 500 పెట్టి టికెట్ కొన్న దాతలది ఒకటి. సిఫార్సు లెటరు తెచ్చినవాళ్ళది మరొకటి. ఎవరి వరసలో వాళ్ళు బుద్ధిగా ఉంటారు. ఇందులో దూకిందెవరు?

లెటర్లవాళ్ళు వెళ్ళే వీఐపీ బ్రేక్ దర్శనంలో ఒకప్పుడు ఎల్1, ఎల్2, ఎల్3 అని అంతరాలుండేవి. 2019లో ఎత్తేశారు. తమలో ఎవరు ఎంత పెద్దో తేల్చే కొలబద్ద పోయి పెద్దమనుషులు పడ్డ వేదన ఎవరికీ పట్టలేదు.

చుట్టాలు కూడా మమ్మల్ని అక్రమం అడగరు. ‘బావా, ఒక లెటరు చూడు, పిల్లలతో నిలబడలేం’ అంటారంతే. కంపార్ట్‌మెంట్లలో కూర్చున్నవాళ్ళంతా సంతానం లేనివాళ్ళయినట్టు! స్థానికులమని మాకు నెలలో మొదటి మంగళవారం కోటా ఉంది. అది హక్కు. పక్కవాడు తెచ్చుకునేది పైరవీ.

అయినా అప్పుడప్పుడు ఒక కుర్రాడు నిజంగానే కమ్మీ కింద నుంచి దూరతాడు. ఇక చూడాలి! ‘ఏం సామీ, మేమేమన్నా పిచ్చోళ్ళమా?’ అని లైనంతా మీద పడుతుంది. ధర్మం నాలుగు పాదాల నడుస్తుంది. కుర్రాడు తోక చివరికి పోతాడు. ఇంతలో సిబ్బంది వచ్చి లైను ఆపేస్తారు. పక్క దారిలో పట్టుపంచెలు, వెనక గన్‌మన్లు. ఇందాక అరిచిన ఆయనే మునివేళ్ళ మీద లేచి చూస్తాడు.

‘ఎవురు సామీ, మంత్రా?’

‘తెలీదు, పెద్దోళ్ళే మాదిరుండారు.’

దేనికైనా మంచిదని ఇద్దరూ ఒక నమస్కారం పెడతారు.