బావగారి కారు అమ్ముడుపోయిన విధం

మా బావగారు 2024 దసరాకు పాత కారు అమ్మి కొత్త కారు కొన్నారు. ఈ వాక్యంలో రెండో సగం మాత్రమే నిజమని తేలడానికి కొన్ని నెలలు పట్టింది.

బావగారు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ప్రధానోపాధ్యాయులుగా పదవీ విరమణ చేసి నల్లగొండలో స్థిరపడ్డారు. ఉద్యోగం చేసినంత కాలం పిల్లల జవాబు పత్రాలలో ఒత్తు తప్పినా, దీర్ఘం తప్పినా ఎర్ర సిరాతో చుట్టిన మనిషి, తన సంతకం కోసం ఎవరైనా కాగితం చాపితే మాత్రం అందులో ఏమున్నదో చూడరు. ఎదుటి మనిషి ముందర కూర్చుని కాగితం చదవడమంటే అతణ్ణి దొంగ అనడమేనని ఆయన నమ్మకం. ఆ దసరా వారంలో ఆయన ఈ నమ్మకాన్ని ఒకసారి షోరూములోనూ, మరొకసారి తన ఇంటి వరండాలోనూ ఆచరించి చూపించారు.

షోరూములో ఏం జరిగిందో ముందుగా చెబుతాను. కారు ధర మాట్లాడుకోవడం అయిపోయి, అందరూ తేనీరు తాగుతున్న సమయంలో అక్కడి కుర్రవాడు ఎక్స్‌టెండెడ్ వారంటీ, ఏడాది సర్వీసు ఒప్పందం అని రెండు కాగితాల కట్టలు తెచ్చి, రెండింటికీ కలిపి ఒక మొత్తం చెప్పి, దాని మీద 18 శాతం జీఎస్టీ అని మెల్లగా అన్నాడు. ఈ రెండూ ఒకటి కావు. వారంటీ అన్నది తయారీలో లోపం వల్ల భాగం చెడిపోతే ఉచితంగా మార్చి ఇస్తామనే మాట. సర్వీసు ఒప్పందం అన్నది ఇంజిన్ ఆయిలు, ఫిల్టర్లు, కూలి వంటి మామూలు ఖర్చులను ముందుగానే కట్టించుకోవడం. రెండింటిలోనూ ఇచ్చేవాటి పట్టిక అరపేజీ ఉంటే ఇవ్వనివాటి పట్టిక నాలుగు పేజీలు ఉంటుంది. బ్రేక్ ప్యాడ్లు, క్లచ్, వైపర్ రబ్బర్లు, టైర్లు, బల్బులు, అంటే వాడేకొద్దీ అరిగేవి దాదాపు అన్నీ ఆ నాలుగు పేజీలలోనే ఉంటాయి. బావగారు కట్ట మందం చూసి తృప్తి పడ్డారు. ఇంత రాశారంటే అంతా రాసే ఉంటారని అక్కకు చెప్పి, చూపిన చోటల్లా సంతకం పెట్టారు.

చెర్వుగట్టు జడల రామలింగేశ్వరుని సన్నిధిలో కొత్త కారుకు పూజ జరిగింది. నిమ్మకాయలు టైర్ల కింద నలిగాయి కానీ, కొట్టిన కొబ్బరికాయల చిప్పలు రెండు ముందు సీటు కింద మిగిలిపోయిన సంగతి ఎవరూ గమనించలేదు. మనుషులలో ఎవరూ గమనించలేదని చెప్పాలి. సంక్రాంతి నాటికి కారు స్టార్ట్ కావడం మానేసింది. బండిని లాగించుకుని వర్క్‌షాపుకు తీసుకెళ్తే, బానెట్ ఎత్తి చూసిన సర్వీసు అడ్వైజర్ వైరింగ్‌ను ఎలుక కొరికిందని తేల్చాడు.

"వారంటీ ఉన్నది గదా, మార్చి ఇయ్యి," అన్నారు బావగారు.

"సార్, వారంటీ తయారీ లోపానికి. ఎలుకను మా కంపెనీ తయారు చేయలే."

"బంపర్ నుంచి బంపర్ దాకా అన్నరు. ఎలుక రెండు బంపర్ల నడుమనే ఉండె గదా?"

ఆ ప్రశ్నకు వర్క్‌షాపులో పనిచేసేవాళ్లందరూ పానాలు కింద పెట్టి వచ్చి వినడం మొదలుపెట్టారు. బంపర్ టు బంపర్ అన్నది బీమా పాలసీకి సంబంధించిన మాట అనీ, భాగాల విలువలో తరుగుదల కోయకుండా చెల్లించడాన్ని వాడుకలో అలా అంటారనీ, ఎలుక కాటు అందులో చేరిందో లేదో పాలసీ చదివితే గానీ తెలియదనీ ఆ అడ్వైజర్ ఓపికగా చెప్పాడు. తెలివైన కుర్రవాడు కావడంతో ఇంకో మాట కూడా అడిగాడు. పాత కారు మీద ఎన్నడూ క్లెయిమ్ చేయకపోతే 50 శాతం నో క్లెయిమ్ బోనస్ ఉండాలి కదా, కొత్త పాలసీలో అది ఎందుకు కనిపించడం లేదని. ఆ బోనస్ బండితో పోయేది కాదు, మనిషి వెంట వచ్చేది. పాత కారు అమ్మినట్టు ఆధారం చూపిస్తే పాత బీమా కంపెనీ లేఖ ఇస్తుంది, దానిని మూడేళ్లలోపు కొత్త బండి పాలసీకి వాడుకోవచ్చు. బండికి జరిగే నష్టం కోసం కట్టే ప్రీమియంలో అది సగం తగ్గింపు.

"అమ్మినట్టు ఆధారమా? పైసలు తీసుకున్న, తాళం చేతులు ఇచ్చిన. ఇంకేం ఆధారం?" అన్నారు బావగారు.

ఇక వరండా కథ చెప్పక తప్పదు.

పాత కారు 2010లో రిజిస్టరైనది. రాష్ట్రం విడిపోయినా, టీఎస్ వచ్చినా, ఆ తర్వాత టీజీ వచ్చినా చెక్కుచెదరని 'ఏపీ 24' నంబరు పలక దానిది. వెనుక అద్దం మీద ఎర్ర అక్షరాలతో 'ప్రధానోపాధ్యాయుడు' అనే స్టిక్కరు ఉండేది. ఎక్స్చేంజి కింద షోరూమువారు చెప్పిన ధర విని బావగారు అవమానంగా భావించి బయటికి అమ్ముతానన్నారు. నిజానికి 2023 ఏప్రిల్ నుంచి అమలులో ఉన్న నిబంధనల ప్రకారం, పాత బండ్ల వ్యాపారానికి అనుమతి పొందిన డీలరుకు బండి అప్పగించి ఫారం 29సీ ద్వారా రవాణా శాఖకు తెలియజేస్తే, అక్కడి నుంచి ఆ బండి మంచి చెడ్డలు డీలరువే. ఆ తక్కువ ధరలో మనశ్శాంతి ఖరీదు కూడా కలిసి ఉంటుందని నా అభిప్రాయం. దానిని నేను ఆ రోజే చెప్పాను కానీ, మా ఇంట్లో బామ్మర్ది మాటకు ఉన్న విలువ కూడా ఎక్స్చేంజి ధర వంటిదే.

నకిరేకల్ నుంచి ఒక యువకుడు వచ్చాడు. వరండాలో కూర్చుంటూనే, "సారూ, నేను మీ స్కూల్లనే చదివిన. లెక్కలు మీరు చెప్తేనే ఎక్కినయి," అన్నాడు. బేరం అక్కడే ముగిసింది. ఫారం 29, ఫారం 30 ఖాళీగా ఉండగానే బావగారు సంతకాలు చేసి ఇచ్చారు. ఫారం 29 అంటే ఫలానావారికి బండి అమ్మానని అమ్మినవాడు రవాణా శాఖకు చెప్పుకొనే కాగితం. ఫారం 30 అంటే యజమాని పేరు మార్చమని పెట్టే దరఖాస్తు. తాను చెప్పుకోవలసిన కాగితాన్ని కొన్నవాడి జేబులో పెట్టి పంపిన బావగారు, "నాలుగు దినాల్ల పేరు మార్పిస్త సారూ," అన్న మాటను రసీదుగా ఉంచుకున్నారు.

నాలుగు దినాల తర్వాత యువకుడి ఫోను మోగడమే గానీ ఎత్తడం లేదు. అయినా అతని కబుర్లకు లోటు రాలేదు. కారు అద్దానికి అంటించిన ఫాస్టాగ్ బావగారి బ్యాంకు ఖాతాకు ముడిపడి ఉంది, నిల్వ తగ్గినప్పుడల్లా దానంతటదే నిండే ఏర్పాటు కూడా ఉంది. పొద్దున్నే పంతంగి టోల్‌గేటు నుంచి ఒక సందేశం వచ్చేది. అంటే శిష్యుడు హైదరాబాద్ పోతున్నాడన్నమాట. మరునాడు కొర్లపహాడ్ నుంచి వచ్చేది, అంటే సూర్యాపేట వైపు. ట్యాగు జారీ చేసిన బ్యాంకుకు ఒక్క మాట చెబితే మూసేస్తారని, ఆ తర్వాత అతడే తన పేరుతో కొత్తది తీసుకోక తప్పదని నేను అంటే, బావగారు నన్ను జాలిగా చూశారు.

"అది బంద్ చేస్తే వాడు యాడ ఉన్నడో నాకెట్ల తెలుస్తదయ్యా?"

అలా ఆయన ఒక నోటు పుస్తకంలో తేదీ, టోల్‌గేటు, పోయిన సొమ్ము రాసుకుంటూ వచ్చారు. 2025 ఫిబ్రవరిలో పెద్దగట్టు లింగమంతుల స్వామి జాతర వచ్చింది. జాతర జరిగే దురాజ్‌పల్లికి, అంటే సూర్యాపేట దగ్గరికి, వెళ్లేవారిని ఎక్కించుకుని శిష్యుడు రాకపోకలు సాగించినట్టున్నాడు, కొర్లపహాడ్ సందేశాలతో ఫోను ఊపిరి తీసుకోలేదు. సొంత వాడకం బండిని కిరాయికి తిప్పడం చట్టవిరుద్ధమన్నది వేరే సంగతి. "మనం పోకున్నా మన పైసలు జాతరకు పోయినయి, పుణ్యమన్నా వస్తదా?" అని అక్క అడిగితే, పుస్తకంలో ఆ గడి లేదని బావగారు చెప్పారు.

డబ్బు పోతే భరించారు కానీ, పరువు దగ్గర చిక్కు వచ్చింది. పాత సహోద్యోగి ఒకాయన ఫోన్ చేసి, ఆరోగ్యం జాగ్రత్తగా చూసుకోవాలని, ఈ వయసులో అలవాట్లు తగ్గించుకోవాలని సుతిమెత్తగా హితవు చెప్పారు. విషయమేమిటంటే 'ప్రధానోపాధ్యాయుడు' రోజూ సాయంత్రం ఏడు గంటలకు ఒక వైన్స్ ముందు ఆగుతున్నాడు. ఆ వారంలోనే పోలీసుల ఈ-చలాను వచ్చింది. అతివేగం. ఫొటోలో వెనుక అద్దం, దాని మీద ఎర్ర అక్షరాలు, ఒత్తులతో సహా స్పష్టంగా పడ్డాయి.

అప్పుడు బావగారు నిజంగా తన దగ్గర చదువుకున్న ఒక న్యాయవాది వద్దకు వెళ్లారు. వెంట నేనూ ఉన్నాను. ఆయన మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ తీసి చూపించారు. ఒకే రాష్ట్రంలో అమ్మకం జరిగితే 14 రోజుల్లోగా అమ్మినవాడు, 30 రోజుల్లోగా కొన్నవాడు రవాణా శాఖకు తెలపాలి. రికార్డులో పేరు మారనంత వరకు, ప్రమాదం జరిగితే పరిహారం విషయంలో యజమాని అంటే రికార్డులో ఉన్నవాడేనని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. ఈ మాట విన్నాక బావగారి చేతిలోని మజ్జిగ గ్లాసు బల్ల మీదికి చేరింది.

"కొన్నాయన ఆధార్ నకలు ఉన్నదా సార్?"

"లేదు."

"బండి ఏ తారీఖు, ఏ టైముకు అప్పజెప్పిన్రో రాసుకున్న కాయితం?"

"లేదు."

"పోనీ, పేరు?"

బావగారు ఫోన్ తీసి చూశారు. "నకిరేకల్ కారు అని రాసుకున్న."

ఆ రోజు నుంచి బావగారు దినపత్రికలో జిల్లా పేజీ తప్ప వేరేది చదవలేదు. జాతీయ రహదారి మీద తెల్ల కారు ఏదైనా దేనికైనా తగిలిందన్న వార్త ఉంటే, నంబరు చివరి అంకె దాకా చూసి గానీ టిఫిన్ ముట్టేవారు కాదు. న్యాయవాది చెప్పినట్టు రవాణా అధికారికి అమ్మకం సంగతి రాసి పంపుదామంటే, కొన్నవారి పేరు రాయవలసిన చోట పెన్ను ఆగిపోయేది.

విముక్తి అనుకోని దిక్కు నుంచి వచ్చింది. కారుకు పదిహేనేళ్లు నిండి రిజిస్ట్రేషన్ గడువు తీరింది. మరో ఐదేళ్లకు పొడిగించాలంటే బండిని తనిఖీకి చూపించి పాసు చేయించాలి. కార్లకు రుసుమే 2022 నుంచి 5,000 రూపాయలు, దాని పైన పాత బండ్ల మీద వేసే గ్రీన్ ట్యాక్స్. ఇంజిన్ అప్పటికే జాతరలో అలసిపోయి ఉంది. పాత ఇనుప సామాన్లవాడికి తూకానికి వేస్తే ఇనుము పోతుంది గానీ రికార్డు పోదని ఎవరో చెప్పడంతో, శిష్యుడు హైదరాబాద్ శివారులోని గుర్తింపు పొందిన స్క్రాప్ కేంద్రానికి బండిని లాగించుకెళ్లాడు. 2021 నిబంధనల ప్రకారం ఏర్పడిన ఇటువంటి కేంద్రాలలో వాహన్ రికార్డు, అంటే బండ్ల రిజిస్ట్రేషన్ వివరాలుండే ప్రభుత్వ ఆన్‌లైన్ పట్టిక, చూస్తారు, దొంగ బండి కాదని, అప్పు లేదని నిర్ధారించుకుంటారు, ఆ తర్వాత రికార్డులో ఉన్న యజమాని సంతకం అడుగుతారు. ఆ సాయంత్రం బావగారి ఫోను మోగింది. తెర మీద 'నకిరేకల్ కారు'.

"సారూ, మంచిగున్నరా? ఒక్క సంతకం కావాలె సారూ!"

మేము కొత్త కారులో వెళ్లాము. స్క్రాప్ కేంద్రంలో గుమాస్తా తల ఎత్తకుండానే, "ఈ బండి ఎవరిది?" అని అడిగాడు. "సారుది," అని శిష్యుడు, "ఇతనిది," అని బావగారు ఏకకంఠంతో చెప్పారు. గుమాస్తాకు ఇది కొత్త కాదు కాబోలు. తుక్కు విలువ రికార్డులో ఉన్న యజమాని ఖాతాలోనే పడుతుందని అదే స్వరంతో అన్నాడు. వెంటనే ఇద్దరి జవాబులూ తారుమారయ్యాయి.

బావగారు జీవితంలో మొదటిసారి ఒక ఫారాన్ని పై నుంచి కింది దాకా చదివారు. ఒకచోట అచ్చుతప్పు కూడా పట్టుకున్నారు. సంతకం చేశాక, బండిని తుక్కుకు అప్పగించినట్టు ఆయన పేరిట డిపాజిట్ సర్టిఫికెట్ వచ్చింది. ఈ పత్రం చూపిస్తే కొత్త బండికి రిజిస్ట్రేషన్ రుసుము ఉండదనీ, వాహన పన్నులో సొంత బండ్లకు 25 శాతం దాకా తగ్గించే అవకాశం కేంద్రం రాష్ట్రాలకు ఇచ్చిందనీ, కారు కొనే ముందు వచ్చి ఉంటే బాగుండేదనీ గుమాస్తా అన్నాడు. బావగారు కిటికీలోంచి తన కొత్త కారు వైపు చూసి ఏమీ అనలేదు. కావలసినవారికి ఆ పత్రాన్ని బదిలీ చేసుకునే వీలుందని తెలిశాక మాత్రం నా వైపు చూశారు. నేను ఎలుకల గురించి మాట్లాడడం మొదలుపెట్టాను.

నోటు పుస్తకం అక్కడే తెరుచుకుంది. తుక్కు విలువ లోంచి టోళ్లు, చలాన్లు తీసివేయగా మిగిలినది శిష్యుడికి ఇస్తానని బావగారు న్యాయంగానే ప్రకటించారు. కూడికలు ఆయనే చెప్పిస్తుంటే, శిష్యుడు తప్పు లేకుండా చేసుకుంటూ పోయాడు. లెక్కలు నిజంగానే ఎక్కినట్టున్నాయి. మిగిలిన సొమ్మును ఫోన్‌పేలో అందుకుని, అతడు గురువుగారి కాళ్లకు దండం పెట్టాడు.

"సారూ, మీరు ఎట్లనో నార్కట్‌పల్లి దాకా పోతరు గదా, నన్ను గూడ ఎక్కించుకోన్రి."

పంతంగి దగ్గర బావగారి ఫోను మోగినప్పుడు అతడు వెనుక సీట్లో నిద్రపోతున్నాడు.