గురువును అనుమానించడం కాదు, పిల్లల్ని కాపాడుకోవడం

"ఆటను ఆటలా ఉండనివ్వండి" అనే మెసేజ్ ఈ వారంలో నాకు ఐదోసారి వచ్చింది. పంపినవాళ్లంతా కావలసినవాళ్లే. అందులో ఇద్దరు తమ పిల్లల్ని రోజూ ప్రాక్టీస్‌కి పంపుతున్నారు. అందుకే ఊరుకోలేకపోతున్నాను. మా కాలంలో దెబ్బ తగిలితే ఏడ్చేవాళ్లం కాదు, నీళ్లు అడిగేవాళ్లం కాదు, గురువుకు ఎదురు చెప్పేవాళ్లం కాదు, ఇప్పుడు రూల్స్, ఫారాలు, కంప్లైంట్లు వచ్చి పిల్లల్ని మెత్తబరిచేశాయి అని దాని సారాంశం. మొత్తం ఏడు పాయింట్లు. నేను తొమ్మిదేళ్లుగా సెలవు రోజుల్లో పద్నాలుగేళ్లలోపు పిల్లల ఫుట్‌బాల్ టీమ్ చూసుకుంటున్నాను. జీతం లేని పని, ఇష్టంతో చేస్తున్న పని. అందుకే ఈ మెసేజ్ చూస్తే కోపం వస్తుంది.

మొదటి పాయింట్, ఓడినవాళ్లకి కూడా మెడల్స్ ఇచ్చి చెడగొడుతున్నారట. ఇస్తే ఇవ్వండి, లేకపోతే మానేయండి. దాని వల్ల ఏ పిల్లాడికీ ప్రాణం మీదికి రాదు.

రెండోది నీళ్ల సంగతి. ప్రాక్టీస్‌లో దాహాన్ని ఓర్చుకుంటే ఒళ్లు గట్టిపడుతుందని రాశారు. ఎండకు శరీరం అలవాటు పడే మాట నిజమే. అయితే అది ఒకటి రెండు వారాల పాటు శ్రమను కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోతే జరుగుతుంది, నీళ్లు మానేస్తే కాదు. సెలవుల తర్వాత ప్రాక్టీస్ మొదలైన తొలి రోజుల్లోనే వడదెబ్బ ప్రమాదం ఎక్కువ. బాగా పరిగెత్తిన పిల్లాడు తడబడుతూ, పొంతన లేని మాటలు మాట్లాడుతుంటే అది బద్ధకం కాదు, ఒంటి లోపలి వేడి 40 డిగ్రీలు దాటి ఉండవచ్చు. అప్పుడు చేయాల్సింది అంబులెన్స్‌కి ఫోన్ చేసి, అది వచ్చేలోగా మెడ దాకా చల్లటి నీళ్లలో కూర్చోబెట్టడం. ముందు చల్లబరచాలి, తర్వాతే తరలించాలి. గ్రౌండ్‌లో ఒక పెద్ద టబ్బు, ఐస్ ఉంటే చాలు. దాన్ని "సుకుమారం" అంటున్న పెద్దమనిషి ఎండలో కూలిపోయిన పిల్లాడిని ఎప్పుడైనా ఎత్తుకున్నారా?

మూడోది తలకు తగిలే దెబ్బ. "స్పృహ తప్పలేదంటే ఏమీ కానట్టే, ముఖం కడిగి మళ్లీ దించండి" అన్నారు. ఇది శుద్ధ అబద్ధం. మెదడు అదిరిన కేసుల్లో చాలావాటిలో స్పృహ తప్పనే తప్పదు. తలనొప్పి, వాంతి, మసకచూపు, అడిగిందే మళ్లీ అడగడం కొన్ని గంటల తర్వాత కూడా బయటపడవచ్చు. హెల్మెట్ పుర్రెను కాపాడుతుంది గానీ లోపల మెదడు కుదుపును ఆపలేదు. 2006లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో 13 ఏళ్ల అబ్బాయిని తలకు దెబ్బ తగిలాక అదే మ్యాచ్‌లో మళ్లీ ఆడించారు. మెదడులో రక్తస్రావం జరిగింది, బతికాడు గానీ మాట, నడక మళ్లీ నేర్చుకోవడానికి ఏళ్లు పట్టింది. 2009లో అక్కడ చట్టం తెచ్చారు: అనుమానం ఉంటే ఆ పిల్లాడిని ఆట నుంచి తప్పించాలి, వైద్యం తెలిసినవాళ్లు రాసిస్తేనే తిరిగి ఆడనివ్వాలి. 2014 నాటికి ఆ దేశంలోని అన్ని రాష్ట్రాల్లోనూ ఇలాంటి చట్టాలు వచ్చాయి.

ఈ తప్పు నేనూ చేశాను. మొదటి ఏడాది ఇద్దరు పిల్లల తలలు ఢీకొంటే, ఒకడు "బాగానే ఉన్నాను సార్" అన్నాడని అయిదు నిమిషాల్లో మళ్లీ దించాను. వాడికి ఏమీ కాలేదు. అది నా తెలివి కాదు, వాడి అదృష్టం. పన్నెండేళ్ల పిల్లాడు టీమ్‌లో చోటు పోతుందనే భయంతో బాగానే ఉన్నానంటాడని నాకు అప్పుడు తట్టలేదు.

నాలుగోది, తిడితేనే, నాలుగు తగిలిస్తేనే రాటుదేలతారట. "మొక్కై వంగనిది మానై వంగునా" అని సామెత కూడా తగిలించారు. మొక్కను వంచేవాడు దాన్ని తన్నడు. తిట్లకు భయపడే పిల్లాడు బంతిని చూడడు, కోచ్ ముఖం చూస్తాడు. ఏ గ్రౌండ్‌కి వెళ్లినా కనిపిస్తుంది ఇది.

అసలు విషయం అయిదో పాయింట్. "కోచ్ గురువుతో సమానం. ఆయన గతం గురించి ఆరా తీయడం, పిల్లతో ఒంటరిగా ఉండకూడదనడం గురువును అవమానించడమే." మిగతా ఆరూ వదిలేయమన్నా వదిలేస్తాను, దీన్ని వదలను.

లారీ నాసర్ సంగతి తెలియనివాళ్లు ఉంటే చెబుతాను. అమెరికా జిమ్నాస్టిక్స్ జట్టు డాక్టర్. అందరూ దేవుడన్నారు. వైద్యం పేరుతో ఏళ్ల తరబడి అమ్మాయిల మీద లైంగిక అఘాయిత్యాలు చేశాడు. 2018 జనవరిలో ఒక్క కోర్టులోనే 156 మంది అతని గురించి వాంగ్మూలాలు వినిపించారు, 40 నుంచి 175 ఏళ్ల శిక్ష పడింది. వాళ్లందరూ ఒలింపిక్ క్రీడాకారిణులేం కాదు, మామూలు క్లబ్‌కి, కాలేజీకి వెళ్లిన పిల్లలు ఎందరో ఉన్నారు. కొందరి విషయంలో తల్లిదండ్రులు అదే గదిలో ఉన్నారు, వాళ్లకు కనబడకుండా అడ్డు నిలబడ్డాడు. "మేం పక్కనే ఉంటాం కదా" అనేవాళ్లు ఈ మాట ఒకటికి రెండుసార్లు చదవండి. పిల్లలు చెప్పలేదా అంటే, చెప్పారు. వినాల్సిన పెద్దలు "అది వైద్యమే, నీకే సరిగ్గా అర్థం కాలేదు" అన్నారు.

ఇంగ్లండ్‌లో బ్యారీ బెనెల్ అనే కోచ్ పిల్లల ఫుట్‌బాల్‌లో పేరున్నవాడు. అతనూ తన దగ్గర ఆడే కుర్రాళ్ల మీద లైంగిక అఘాయిత్యాలు చేశాడు. కుర్రాళ్లు రాత్రిళ్లు అతని ఇంట్లోనే ఉండేవాళ్లు, తల్లిదండ్రులే నమ్మి పంపేవాళ్లు. అది గౌరవమనుకున్నారు. బయటి మనిషి అయితే ఏ తల్లీ పంపేది కాదు. హాని చేసేవాడు ముందు పిల్లాడి నమ్మకాన్ని కాదు, ఇంటి పెద్దల నమ్మకాన్ని సంపాదిస్తాడు. పైగా సెలక్షన్ అతని చేతిలో ఉంటుంది. నోరు విప్పితే టీమ్ పోతుంది, నాన్న కష్టపడి కట్టిన ఫీజు పోతుంది, స్నేహితులు పోతారు. ఆ పిల్ల ఏం చేస్తుంది, ప్రాక్టీస్‌కి వెళ్లనని మొండికేస్తుంది. మనం బద్ధకమంటాం.

అందుకే రూల్ మనిషిని బట్టి ఉండకూడదు. కెనడాలో కోచ్‌లకు నేర్పే "ఇద్దరి నియమం" చూడండి: ఏ పెద్దమనిషీ పిల్లలతో ఒంటరిగా ఉండకూడదు, ఇంకో బాధ్యతగల పెద్ద కంటికి కనబడేంత దూరంలో ఉండాలి. పిల్లకి విడిగా పంపే మెసేజ్‌లో అమ్మో నాన్నో ఉండాలి. ఊరు దాటితే కోచ్, పిల్లలు ఒకే గదిలో పడుకోకూడదు. ఫిర్యాదు అందుకునేది ఆ కోచ్ కాదు, ఆ కోచ్ స్నేహితుడూ కాదు. నా మీదా ఇవే రూల్స్ పెట్టమని మా క్లబ్‌ని నేనే అడిగాను. ఏం అవమానం జరిగింది నాకు? ఒక్క అబద్ధపు ఆరోపణ వచ్చినా నన్ను కాపాడేది కూడా ఇదే. మంచి గురువుకు తలుపు తెరిచి ఉంటే వచ్చే నష్టం ఏమిటో ఆ మెసేజ్ రాసినాయన ఒక్క వాక్యంలో చెప్పమనండి.

ఆరో పాయింట్‌లో మాత్రం ఆయన మాట సగం ఒప్పుకుంటాను. ఫారాలు మితిమీరాయి. ఒకే ప్రశ్నకు మూడు కాగితాల్లో జవాబు రాయించుకుని బీరువాలో పెడుతున్నారు. దానితో విసిగి మంచి వాలంటీర్లు మానుకున్నారు, నాకు తెలిసినవాళ్లే ఇద్దరు. ఇంకో మాట కూడా నిజం. జిమ్నాస్టిక్స్‌లో, ఈతలో పిల్లని పట్టుకోకుండా నేర్పడం కుదరదు, భయంతో చేతులు కట్టుకున్న కోచ్ వల్ల ప్రమాదమే ఎక్కువ. ఏం చేయబోతున్నానో ముందే చెప్పి, పిల్లని అడిగి, అందరి ముందు పట్టుకుంటే సరిపోతుంది. ఫారాలు తగ్గించండి, సంతోషం. కానీ ఆస్తమా ఉన్న పిల్లాడి పేరు, ఇంటి ఫోన్ నంబరు, గ్రౌండ్ గేటు తాళం ఎవరి దగ్గర ఉందో రాసిన ఆ ఒక్క కాగితం కోచ్ జేబులో ఉండాలి. 2021 జూన్ 12న డెన్మార్క్ ఫుట్‌బాల్ ఆటగాడు క్రిస్టియన్ ఎరిక్సన్ గుండె ఆగి మైదానంలో కుప్పకూలితే బతికించింది వెంటనే చేసిన సీపీఆర్ (ఛాతీని పదేపదే గట్టిగా అదమడం), అక్కడే సిద్ధంగా ఉన్న డీఫిబ్రిలేటర్ (షాక్ ఇచ్చి గుండె లయను సరిచేసే యంత్రం). గుండె ఆగాక ఏమీ చేయకుండా గడిపే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గుతుంది. అలాంటప్పుడు తాళం వెతుక్కుంటూ తిరిగితే ఎలా?

ఏడోది, అంపైర్‌ని తిట్టడం ఆటలో భాగమట. మా మ్యాచ్‌లకు విజిల్ పట్టుకునేది పదహారేళ్ల అమ్మాయి. పోయిన నెల ఒక తండ్రి గీత దగ్గరికి వచ్చి ఆమె మీద అరిస్తే ఆట ఆపాం. ఆయన గ్రౌండ్ బయటికి వెళ్లాకే మళ్లీ మొదలుపెట్టాం.