ఆ 24 గుర్రాల బండి నాకు ఏం తక్కువ చెయ్యలేదు

మా పిన్ని కొడుకు మొన్న ఫోన్ చేశాడు. "అన్నా, పాత రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411 బైక్ ఒకటి అమ్మకానికి ఉంది. నాకు నచ్చింది గానీ అందరూ వద్దంటున్నారు. పవర్ లేదంట, పికప్ లేదంట. నువ్వేమంటావ్?" అన్నాడు. ఫోన్లో ఏదో చెప్పాను గానీ నాకే తృప్తిగా లేదు. అందుకే కూర్చుని ఇది రాస్తున్నా. ఇంకెవరికైనా పనికొస్తే అదీ మంచిదే.

2018 నుంచి 2023 దాకా ఐదేళ్లు ఆ బండి నాది. గుంటూరు బ్రాడీపేటలో ఇల్లు, ఉద్యోగం విజయవాడలో, పొలం క్రోసూరు అవతల. ఈ మూడింటి మధ్యే దాని జీవితమంతా గడిచింది. నేను దాని మీద లడఖ్ కొండల దాకా వెళ్లలేదు. వెళ్లిన వాళ్లంటే నాకు గౌరవం. కానీ ఆ బండి విలువ తెలియడానికి అంత దూరం వెళ్లక్కర్లేదని మాత్రం గట్టిగా చెబుతాను.

రాయల్ ఎన్‌ఫీల్డ్ దీన్ని 2016లో తెచ్చింది. 411 సీసీ, ఒకే సిలిండర్, 24.5 హార్స్ పవర్. వీడియోలు చూసేవాళ్లు ఈ అంకె దగ్గరే ఆగిపోతారు. ఆ పక్కనున్న అంకెలు కూడా చూడాలి. బోర్ 78 మిల్లీమీటర్లు, స్ట్రోక్ 86. అంటే సిలిండర్ వెడల్పు కన్నా పిస్టన్ పైకీ కిందకీ తిరిగే దూరమే ఎక్కువ. ఇలాంటి ఇంజిన్ పై ఆర్‌పీఎంలో, అంటే నిమిషానికి ఎక్కువ చుట్లు తిరిగేటప్పుడు ఎగిరిపడదు, కింద ఆర్‌పీఎంలో లాగుతుంది. 32 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే లాగే బలం, నాలుగు వేల చిల్లర ఆర్‌పీఎంకే చేతికొస్తుంది. మట్టిదారిలో సెకండ్ గేర్ వేసి, క్లచ్ ముట్టుకోకుండా, మనిషి పరుగు వేగంతో పోతూ ఉంటే ఆ అంకెలకు అర్థమేమిటో మన నడుముకి తెలుస్తుంది.

ఒక రాత్రి సంగతి చెబుతా. మార్చి నెల. కల్లంలో మిరపకాయ ఆరబోసి ఉంది. రాత్రి రెండింటికి నాన్న ఫోన్. "ఒరేయ్, ఉరుములు ఉరుముతున్నాయి. ఉన్న పట్టలు సగం కాయకి కూడా చాలవు" అన్నాడు. మిరప వేసిన ఇంట్లో పుట్టినవాళ్లకి ఆ ఫోన్ ఏమిటో తెలుసు. ఆరిన కాయ తడిస్తే రంగు పోతుంది. రంగు పోయిన కాయని యార్డులో తాలు కింద కడతారు. ఏడాది కష్టం ఒక్క వానతో సగం ధరకి దిగిపోతుంది.

ఆ వారమే కొని ఊరికి పంపుదామని ఉంచిన టార్పాలిన్ పట్టలు నాలుగు ఇంట్లో ఉన్నాయి. రెండు మూటలు చేసి, వెనక క్యారియర్‌కి సైకిల్ ట్యూబు ముక్కలతో బిగించి కట్టి బయల్దేరా. పెదకూరపాడు మీదుగా ఊరి దాకా తారు రోడ్డే, ఇబ్బంది లేదు. ఊరు దాటాక కల్లానికి మూడు కిలోమీటర్ల డొంక, పొలాల మధ్య మట్టిదారి. సాయంత్రం పడిన జల్లుకే అది నానిపోయి ఉంది.

నల్లరేగడి తడిస్తే ఎలా ఉంటుందో మా వైపు వాళ్లకి చెప్పక్కర్లేదు. చెప్పు వేస్తే చెప్పుని ఉంచేసుకుంటుంది. ఆ డొంకలోకి కారు రాదు. మా ఊళ్లో ఉన్న స్కూటీలు, మామూలు బైకులు ఆ తడిలో పక్కకి పడిపోతాయి. నేను ఫుట్‌రెస్టుల మీద లేచి నిలబడి, హ్యాండిల్‌ని వదులుగా పట్టుకుని, బండిని దాని దారిన దాన్ని పోనిచ్చా. ముందు చక్రం 21 అంగుళాలు. ట్రాక్టర్లు చేసిన గాడుల్లో దిగుతోంది, లేస్తోంది. ముందు సస్పెన్షన్ 200 మిల్లీమీటర్లు కదులుతుంది కాబట్టి ఆ దెబ్బలు మోచేతుల దాకా రావడం లేదు. సగం దూరంలో చక్రానికీ కింది మడ్‌గార్డుకీ మధ్య మట్టి గట్టిగా పట్టేసి చక్రం తిరగడం మానేసింది. దిగి, గట్టు మీద దొరికిన కందికట్టెతో ఆ బంకమట్టిని పెళ్లలు పెళ్లలుగా పొడిచి తీశా. లైటు వెలుగులో అప్పుడే చినుకులు సన్నటి గీతల్లా కనపడుతున్నాయి. మళ్లీ ఎక్కి స్టార్ట్ చేశా. అదే సెకండ్ గేర్.

వాన జోరు అందుకునేలోపు కాయంతా కుప్ప చేసి కప్పేశాం. అప్పుడు టైం మూడున్నర దాటింది.

బండి కొన్న కొత్తలో నాన్న, "ఇదేం బండిరా, ఎక్కాలంటే నిచ్చెన వెయ్యాలి" అని కోప్పడ్డాడు. ఆ రాత్రి మాత్రం ఏమీ అనలేదు. వాన వెలిసాక టార్చి ఒక చేత్తో పట్టుకుని, బండి పక్కన గొంతుకూర్చుని, మడ్‌గార్డు కింద మిగిలిన మట్టిని పుల్లతో గీకి తీశాడు. ఎద్దు గిట్టల్లో ఇరుక్కున్న మట్టి తీసేవాడే, అచ్చం అలాగే. తెల్లారాక నా భుజం పట్టుకుని వెనక ఎక్కి ఇంటికి వచ్చాడు.

రోడ్డు మీదా, దారి లేని చోటా నడిచే ఈ రకం బండ్లకి పెద్దదిక్కు 1980లో వచ్చిన బీఎండబ్ల్యూ ఆర్80 జీ/ఎస్. జీ అంటే దారి లేని నేల, ఎస్ అంటే రోడ్డు. జర్మన్ భాషలో ఆ రెండు మాటల మొదటి అక్షరాలే దాని పేరు. మరుసటి ఏడే, 1981లో, పారిస్-డాకర్ పందెం గెలిచింది. మన దగ్గర 2011లో హీరో వాళ్లు ఇలాంటిదే ఇంపల్స్ తెచ్చారు, 150 సీసీ. చక్కటి బండి. సరిగ్గా అర్థం చేసుకునేలోపే మార్కెట్లోంచి వెళ్లిపోయింది. ఆ రోజుల్లో దాన్ని కొన్న ఒకరిద్దరు ఇప్పటికీ అమ్మడం లేదు, నేను అడిగి చూశా.

రోడ్డు మీద కూడా ఈ బండికి వంక పెట్టను. శివరాత్రి రద్దీ అయిపోయాక ఏటా ఒకసారి శ్రీశైలం వెళ్లేవాణ్ణి. నరసరావుపేట, వినుకొండ దాటి దోర్నాల. అక్కడ అడవి గేటు రాత్రిపూట వేసేస్తారు కాబట్టి తెల్లవారుజామునే చేరి, టీ తాగి, గేటు తియ్యగానే నల్లమలలోకి. ఘాట్ రోడ్డు మలుపుల్లో ఎవరితోనూ పోటీ లేదు. గంటకి 80 దగ్గర అది హాయిగా ఉంటుంది, మనమూ హాయిగా ఉంటాం. 15 లీటర్ల ట్యాంక్. నాకు లీటరుకి 30 దాకా వచ్చేది, అంటే గుంటూరులో నింపితే శ్రీశైలంలో బంకు కోసం వెతకక్కర్లేదు. వంద దాటాక ఊపు తగ్గుతుంది, నిజమే. వంద దాటి పోవలసిన పని నాకు ఐదేళ్లలో ఎన్నిసార్లు వచ్చిందో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

2023లో కొత్త హిమాలయన్ వచ్చింది. 452 సీసీ, లిక్విడ్ కూలింగ్, 40 దాకా పవర్. నడిపి చూశా, మంచి బండి. దాన్ని పొగడడానికి పాతదాన్ని తిట్టడం ఎందుకో నాకు అర్థం కాదు. పవర్ లేదు అనేవాళ్లు ఏ రోడ్డుకి చాలలేదో చెప్పాలి. మా డొంకకి చాలింది. నల్లమల ఘాట్‌కి చాలింది. ఉండవల్లి నుంచి కరకట్ట మీద, పక్కన కృష్ణని చూస్తూ అమరావతి దాకా పోవడానికి ఎక్కువే అయింది.

ఎడమ మోకాలికి ఆపరేషన్ అయ్యాక, 190 కిలోలకు పైబడిన బండిని ఆపుకోలేనని అమ్మేశా. కొన్నవాళ్లు తీసుకెళ్తుంటే సందు చివరిదాకా వెళ్లా. ఆ ఇంజిన్ చప్పుడు మెయిన్ రోడ్డు రద్దీలో కలిసిపోయేదాకా అక్కడే నిలబడ్డా.

కాబట్టి తమ్ముడూ, తీసుకో. రేటు మాత్రం తొందరపడి ఒప్పుకోకు. సెంటర్ స్టాండ్ వేసి, వెనక ఒకరు నొక్కిపట్టి ముందు చక్రం గాల్లోకి లేపితే, హ్యాండిల్ రెండు వైపులకీ మెత్తగా తిరగాలి, మధ్యలో ఎక్కడా పట్టకూడదు. స్పోక్స్ ఒక్కొక్కటీ వేలితో తట్టి చూడు, వదులైనది చప్పుడులోనే దొరుకుతుంది. ముందు ఫోర్క్ ఆయిల్ సీల్స్ దగ్గర నూనె కారుతోందేమో చూడు. చైన్, స్ప్రాకెట్లు అరిగి ఉంటే ఆ డబ్బు తగ్గించమని అడుగు. ఆదివారం పొద్దున్నే అయితే నేనూ వస్తా. నువ్వు నడుపు, నేను వెనక కూర్చుంటా.